తలుపు తట్టడం చేతకాని కుర్రాడు

తలుపులు తట్టడమే రోజువారీ పనైన చోటికి, తలుపు తట్టాలంటే చెమటలు పట్టేవాణ్ని పంపించారంటే ఏమనాలి? ఈత రానివాడికి పడవ అప్పజెప్పినట్టు లేదూ! మన కుర్రాడి కథ సరిగ్గా అలాగే మొదలైంది.

వాడికి పందొమ్మిదేళ్లు. తెల్ల చొక్కా, ముదురు రంగు టై, జేబు మీద నల్ల బిళ్ల. ఆ బిళ్ల మీద పేరుకి ముందు ‘ఎల్డర్’ అని ఉంటుంది. పెద్దాయన అని దానర్థం. మీసం రావాలా వద్దా అని ఇంకా తేల్చుకోని మొహానికి పెద్దాయన అని బిరుదు! అద్దం ముందు టై కట్టుకునేటప్పుడు ఆ బిళ్ల కంటపడితే వాడికే నవ్వొచ్చేది.

వాడిది కడవరి దినాల పరిశుద్ధుల సంఘం. మోర్మన్లు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఆ సంఘంలో ఈడొచ్చిన కుర్రాళ్లు చదువూ ఉద్యోగం పక్కన పెట్టి, రెండేళ్లపాటు ఇంటికి దూరంగా వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి తమ నమ్మకం గురించి చెబుతారు. జీతం ఉండదు. సినిమాలుండవు, టీ కాఫీలుండవు, ఆడపిల్లలతో కబుర్లు అసలే ఉండవు. ఎక్కడికి పంపితే అక్కడికి, ఎవరితో జత చేస్తే వాళ్లతో. వినేవాళ్లకి జైలుశిక్షలా ఉంటుంది గానీ వెళ్లేవాళ్లు పాట పాడుకుంటూ వెళ్తారు. మనవాడూ అలాగే వెళ్లాడు. తలుపుల సంగతి అక్కడ దిగాక గానీ గుర్తు రాలేదు.

వాడికి ఆ భయం ఊరికే రాలేదు. వాళ్లమ్మ వీధి చివర చిన్న ఇస్త్రీ కొట్టు నడిపి పిల్లల్ని పెంచింది. ఇస్త్రీ బట్టల మూటలు ఇళ్లకి చేర్చడం వీడి పని. “గేటు దగ్గరే నిలబడి పిలు. లోపలికెళ్లి తలుపులు బాదకు” అని అమ్మ పదేపదే చెప్పేది. ఒకసారి వాన ముంచుకొచ్చి, మూట తడుస్తుందేమోనని ఒక ఇంటి తలుపు తట్టాడు. మధ్యాహ్నం నిద్రలోంచి లేచొచ్చిన పెద్దమనిషి, “తలుపు కొట్టేంతటి వాడివయ్యావురా?” అని వీధంతా వినేలా అరిచాడు. చొక్కాలు మాత్రం తడవకుండా తీసుకున్నాడు లెండి. మహానుభావుడు! ఆ రోజు నుంచి మూసిన తలుపు ఎదురైతే వీడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు.

ఇంతకీ ఆ కొత్త ఊళ్లో వీడికి జతగా పడినవాడు వీడికంటే రెండేళ్లు పెద్ద. సేవకొచ్చి ఏడాదిన్నర దాటింది. చాలా పొడుగు. వీళ్లు అద్దెకున్న మేడ కింద వాటాలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఇంటావిడ, మొదటి రోజే ఇద్దర్నీ ఎగాదిగా చూసి, పొడుగువాడికి ‘నిచ్చెన’ అనీ, వాడి వెనకే నడిచే మనవాడికి ‘తోక’ అనీ పేర్లు పెట్టేసింది. ఆవిడ నోట్లోంచి ఊడిపడిన పేరు ఇంక వీధిలో చెరగదు. బిళ్ల మీది పేర్లు బిళ్ల మీదే ఉండిపోయాయి.

తోక అనడానికి ఇంకో కారణం ఉంది. వీళ్లకి ఒక నియమం. జతలో ఇద్దరూ ఎప్పుడూ ఒకరి కంటికి ఒకరు కనపడాలి, ఒకరి మాట ఒకరికి వినపడాలి. బజారుకెళ్లినా, మంగలి దగ్గరికెళ్లినా, పంటి నొప్పికి డాక్టరు దగ్గరికెళ్లినా ఇద్దరూ. స్నానాల గదికి మాత్రం మినహాయింపు. మనవాడు ఆ మినహాయింపుని కూడా పూర్తిగా నమ్మక, తలుపు బయట నిలబడి, “అన్నా, ఉన్నావా?” అని అడిగేవాడు.

“లేను. పైపులోంచి జారిపోయా,” అనేవాడు నిచ్చెన.

పొద్దున్నే లేవడం, నాలుగు బస్కీలు తీయడం, రొట్టె, ఉడికించిన గుడ్డు, తర్వాత గ్రంథాలు ముందేసుకుని చదువు. ఆ గదిలో రెండు మంచాలు, రెండు బల్లలు, ఒక ఇస్త్రీ పెట్టె. ఆ పెట్టె దగ్గర మాత్రం మనవాడు రాజు. కాలరు మొదట తిరగేసి, తర్వాత భుజాలు, బొత్తాల పట్టీ చివర. వీధిలో ఎంత దుమ్ము రేగినా వీళ్లిద్దరి చొక్కాలు మడత నలగకుండా ఉంటే అది వాడి చలవే. చూసి చూసి ఇంటావిడ తను కుట్టిన జాకెట్లు కూడా మేడ మీదికి పంపడం మొదలుపెట్టింది. “దేవుడి పని తర్వాతయినా చెయ్యొచ్చు తోకా, ఇది ఎదురింటి పిల్ల సాయంత్రం తొడుక్కోవాలి,” అనేది. వాడు కిమ్మనకుండా చేసిచ్చేవాడు.

వీధి మొదట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన దుకాణం. షట్టరు తుప్పు పట్టి ఆయన వల్ల లేచేది కాదు. మనవాడు చూసిన మొదటి రోజే వెళ్లి ఎత్తాడు. రెండో రోజూ ఎత్తాడు. ఆ తర్వాత అది వాడి పనే అయిపోయింది. ఆయన మాత్రం ఖరాఖండిగా చెప్పాడు: “చూడబ్బాయ్, షట్టరు ఎత్తు. దేవుడి ఊసు ఎత్తకు.” వాడు నిజంగానే ఎత్తలేదు. షట్టరు ఎత్తడం మానలేదు.

ఇంక తలుపుల దగ్గరికొస్తే ఆ విద్య అంతా నిచ్చెనది. వాళ్ల నాన్న వడ్రంగి. తలుపులు చేయడంలో పేరున్న మనిషి. ఆ ఇంట్లో పెరిగిన నిచ్చెనకి వేలు తగలగానే చెక్క కులం తెలిసిపోయేది. “ఇది టేకు. మర్యాదగా పొమ్మంటారు. ఇది ప్లైవుడ్డు, లోపల టీవీ మోగుతోంది, అసలు వినపడదు.” మెత్తగా మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. విసుక్కుంటూ వచ్చినవాళ్లు కూడా వాడి తట్టుడు విని, ఎవరో తెలిసినవాళ్లనుకుని తలుపు తీసేవాళ్లు. తర్వాత ఎలాగూ మూసేవాళ్లనుకోండి. మనవాడు రెండడుగులు వెనక నిలబడి, తలుపు తెరుచుకున్నాక మాత్రం ముందుకొచ్చి చక్కగా నవ్వేవాడు. ముక్కున పట్టిన మాటలు గడగడా అప్పజెప్పేవాడు. తిట్టినా నవ్వేవాడు. కుక్కని వదిలినా, దానికి కాస్త దూరంలో నిలబడి నవ్వేవాడు.

“ఒక్కసారి నువ్వు తట్టరా,” అనేవాడు నిచ్చెన.

“రేపు తడతా అన్నా.”

ఆ రేపు ఎన్ని రోజులైనా వచ్చేది కాదు.

సోమవారం వీళ్లకి ఆటవిడుపు. బట్టలుతుక్కోవడం, గది కడుక్కోవడం, ఇళ్లకి ఫోను చేసుకోవడం. నిచ్చెన ఎప్పుడూ అమ్మతోనే మాట్లాడేవాడు. నాన్న ఫోను దగ్గరికే వచ్చేవాడు కాదు. తల్లీ కొడుకూ సంఘంలో చేరారు గానీ తండ్రి చేరలేదు. అదేమీ పెద్ద గొడవ కాదు. చేతికందొచ్చిన కొడుకు, పనిలో సగం భారం మోయాల్సినవాడు, రెండేళ్లు ఊళ్లు పట్టుకు తిరుగుతానన్నాడని ఆయనకి కడుపు మండింది. బయల్దేరిన రోజున గుమ్మంలో నిలబడి, “వెళ్లు. వెళ్తే మళ్లీ వచ్చి నా తలుపు తట్టకు,” అన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఏడాదిన్నరగా కొడుకు గొంతు వినలేదు.

ఆ సోమవారం మనవాడు బాల్చీలో చొక్కాలు పిండుతూ ఉన్నాడు. ఫోను పట్టుకున్న నిచ్చెన మాట మధ్యలో ఆగిపోయింది. “ఎప్పుడు?” అన్నాడు. తర్వాత “ఏ చెయ్యి?” అన్నాడు. రంపం మిషను మీద తండ్రి కుడిచెయ్యి పడింది. రెండు వేళ్లు దక్కుతాయో లేదో తెలీదు. పని ఆగిపోయింది. ఎవర్నీ పలకరించనివ్వకుండా, తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాడట.

ఆ పూట నిచ్చెన అన్నం ముట్టలేదు. “అధ్యక్షుడు గారికి ఫోన్ చేసి అడుగుదాం అన్నా,” అన్నాడు మనవాడు. కుర్రాళ్లందరి మంచీచెడూ చూసే ఒకాయన ఉంటాడు, మిషన్ అధ్యక్షుడంటారు. ఆయన అనుమతి లేనిదే తమకిచ్చిన చోటు దాటి వెళ్లకూడదు. దాటితే సేవ అక్కడితో సరి, సంచీ సర్దుకుని ఇంటికే.

“అడిగితే ఫోన్లో మాట్లాడమంటారు. మా నాన్న ఫోనెత్తే మనిషా?” అని నిచ్చెన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి మనవాడు ఇస్త్రీ చేస్తున్నాడు. నిచ్చెన సంచీ భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగిపోయాడు. వీడు పెట్టె ప్లగ్గు పీకి, చేతిలో ఉన్న వేడి చొక్కా అలాగే తొడుక్కుని వెనకే పరుగెత్తాడు. ఇంటావిడ మిషను ఆపి, “ఏమైంది తోకా?” అని అరిచింది. వీడికి జవాబు చెప్పే తీరిక లేదు. బస్సు కదులుతుండగా ఎక్కి, నిచ్చెన పక్కన కూలబడ్డాడు.

“నువ్వెక్కడికి?” అన్నాడు నిచ్చెన.

“నువ్వెక్కడికెళ్తే అక్కడికి.”

“నేను ఇంటికెళ్తున్నా.”

“సరే.”

“సరే ఏంట్రా? హద్దు దాటితే నిన్ను కూడా ఇంటికి పంపేస్తారు.”

“నిన్నొక్కణ్నే వదిలేసినా పంపేస్తారు. ఎటూ పంపేసేదానికి బస్సెక్కడమే నయం కదన్నా. కిటికీ పక్కకి జరగనా?”

దిగిపొమ్మన్నాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. మనవాడు కదల్లేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడని పెద్దలు ఊరికే అన్నారా! కండక్టరు వస్తే పళ్లు కొరుక్కుంటూ నిచ్చెనే రెండు టిక్కెట్లు తీసుకున్నాడు.

దాచడం మాత్రం వీడికి రాదు. ఊరు దాటగానే అధ్యక్షుడికి ఫోన్ చేసి జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“అతని పక్కనే ఉన్నావా?” అని అడిగాడాయన.

“మోచెయ్యి తగులుతోందండీ.”

“అయితే పక్కనే ఉండు. ఇంటిదాకా వెళ్లండి, రేపు నాతో మాట్లాడండి. మీ ఇద్దరి మీదా నాకు చాలా కోపంగా ఉంది. అది తర్వాత చూసుకుందాం.”

దారంతా పొలాలు, పెట్రోలు బంకులు, సగం కట్టిన ఇళ్లు వెనక్కి పోతున్నాయి. చాలాసేపటికి నిచ్చెన నోరు విప్పాడు. “ఆయన పొమ్మంటే నాకింక ఇల్లూ లేదురా, సేవా లేదు,” అన్నాడు. అంతటి పొడుగు మనిషీ సీట్లో ముడుచుకుని చిన్నపిల్లాడిలా కనిపించాడు. మనవాడు వాడి సంచీ తన ఒళ్లోకి తీసుకుని పక్కనే కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా దిగారు. వడ్రంగి పనుల వీధి అది. రంపప్పొట్టు కుప్పలు వానకి నాని ముద్దయ్యాయి. అన్ని కొట్లూ మోగుతున్నాయి, ఒక్క కొట్టు మాత్రం మూసి ఉంది. దాని పక్కనే ఇల్లు. తల్లి ఆస్పత్రిలో ఆయా, ఆ పూట డ్యూటీలో ఉంది. లోపల తండ్రి ఒక్కడే. ఎదురుగా ఆయన చేతుల్తో చేసిన తలుపు, నిండు చెక్కది, దిట్టంగా ఉంది.

నిచ్చెన మెట్లెక్కాడు. చెయ్యెత్తాడు. దించేశాడు. మళ్లీ ఎత్తాడు. ఏడాదిన్నర నుంచి ఊరూరా తెలియనివాళ్ల తలుపులన్నీ తట్టిన చెయ్యి, సొంతింటి తలుపు ముందు గాల్లోనే ఆగిపోయింది.

“నావల్ల కాదురా,” అన్నాడు. “తట్టొద్దన్నాడు.”

మనవాడు తలుపు వైపు చూశాడు, వాడి వైపు చూశాడు.

“తట్టొద్దన్నది నిన్ను కదన్నా. నన్నేమీ అనలేదుగా.”

ఆ మాట అనడమైతే అన్నాడు. మెట్టు మీద కాలు పెట్టేసరికి నిద్రమొహంతో అరిచిన ఆ పెద్దమనిషి కళ్లముందుకొచ్చాడు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఒక దెబ్బ వేశాడు, వాడికే వినపడలేదు. దాంతో కంగారుపడి టకటకటకా ఆపకుండా వాయించేశాడు.

“ఎవర్రా అది, వడ్రంగి పిట్టలాగా!” అని లోపల్నుంచి గద్దించిందో గొంతు. “ఎవరూ?”

మనవాడి నోట్లో ఉన్నది ఒక్కటే, రోజూ గుమ్మాల ముందు అప్పజెప్పే పాఠం. అదే బయటికొచ్చింది.

“నమస్కారమండీ! ఒక్క రెండు నిమిషాలు మీతో మాట్లాడొచ్చాండీ? కుటుంబాలు ఎప్పటికీ విడిపోకుండా కలిసుండే మార్గం ఒకటుందండీ. అది చెప్పడానికే మేము వచ్చామండీ.”

చెప్పేశాక గానీ తనేమన్నాడో తనకే తెలియలేదు. నిచ్చెన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. పక్క కొట్లోంచి రంపం మోత వస్తోంది.

“మేము అన్నావు,” అంది గొంతు, ఈసారి తలుపుకి దగ్గరగా. “నీతో ఇంకెవరున్నారు?”

మనవాడికి అబద్ధం రాదు కదా. “మీ అబ్బాయండీ,” అన్నాడు.

అనేసి, తిరుగు బస్సెప్పుడుందో అని కూడా ఆలోచించేశాడు పిచ్చివాడు. ఇంతలో లోపల గడియ కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. లాగుతున్న మనిషి ఆయాసం కూడా వినపడుతోంది, గడియ మాత్రం రావడం లేదు.

నిచ్చెన చేతులు మొహం మీంచి దిగాయి. “వానకి చెక్క ఉబ్బింది,” అన్నాడు తనలో తనే. “ఎడంచేత్తో రాదది.”

ఒక్క అంగలో మెట్లెక్కాడు. భుజం తలుపుకి ఆనించి, పిడి పట్టుకుని, బలమంతా పెట్టి పైకెత్తాడు.

“నాన్నా, ఎత్తి పట్టుకున్నా. ఇప్పుడు లాగు.”

గడియ జారింది. తలుపు తెరుచుకుంది. లోపల, కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో, చొక్కా బొత్తాలు ఒక్కటీ పెట్టుకోని మనిషి నిలబడి ఉన్నాడు. తండ్రీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు. అలాంటివి ఆ ఇంట్లో లేవు.

“కింది అంచు చిత్రిక పట్టాలి,” అన్నాడు తండ్రి, తలుపు వైపు చూస్తూ. “ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నా.”

“నేను పడతాలే.”

“సగమైపోయావేంటి? తిండి పెట్టరా అక్కడ?” అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి నడిచాడు. “కాళ్లు కడుక్కుని రండి, ఇద్దరూ.”

మర్నాడు అధ్యక్షుడు ఫోన్లో ఇద్దర్నీ కడిగేశాడు. అడిగితే తానే పంపేవాణ్నని, అడక్కపోవడమే తప్పని అన్నాడు. కడిగాక, ఆ వారం అక్కడే ఉండి, తర్వాత తిరిగి రమ్మన్నాడు. నిచ్చెన కొట్టు తెరిచాడు. ఆగిపోయిన కిటికీలు పూర్తిచేశాడు. పక్కన స్టూలు మీద కూర్చుని తండ్రి, ఎడంచేత్తో చూపిస్తూ తిట్టేవాడు, తిడుతూ చూపించేవాడు. వాళ్లమ్మ డ్యూటీ నుంచి రాగానే ఆ తిట్లు వినడానికే గుమ్మంలో కాసేపు నిలబడేది.

మనవాడికి చిత్రిక పట్టడం రాదు. ఇస్త్రీ పెట్టె ఎక్కడుందని అడిగాడు. పొద్దున్నే ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, తొడిగి, ఎవరూ చెప్పకుండానే కింద నుంచి పైకి బొత్తాలు పెట్టేవాడు. మొదటి రోజు ఆయన బిగుసుకుపోయాడు. మూతి పక్కకి తిప్పుకున్నాడు. రెండో రోజు గడ్డం పైకెత్తి, కాలరు బొత్తానికి దారిచ్చాడు.

“మీ దేవుడు నా వేళ్లు అతికిస్తాడా?” అని అడిగాడొక రోజు, ఎగతాళిగానే.

“తెలీదండీ,” అన్నాడు తోక. “బొత్తాలైతే నేను పెడతాను.”

ఆయన నవ్వాడు. ఆ ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారని వాళ్లావిడ తర్వాత చెప్పింది. దేవుడి సంగతి ఆయన మళ్లీ అడగలేదు, వీడూ ఎత్తలేదు. షట్టరు దగ్గర నేర్చుకున్న పాఠం ఊరికే పోలేదు.

వెళ్లాల్సిన రోజున, నేను ఆగిపోతాను నాన్నా అన్నాడు నిచ్చెన. తండ్రి ఒప్పుకోలేదు. “సగం చేసిన తలుపు గాలినీ ఆపదు, దొంగనీ ఆపదు. మొదలుపెట్టావుగా, ముగించుకుని రా. కట్టు విప్పేదాకా పక్క కొట్టువాడు చూసుకుంటానన్నాడు,” అని సంచీ ఎడంచేత్తో తీసి అందించాడు. అంతకుమించి కొడుకుతో ఏమీ అనలేదు. ఏడాదిన్నర కిందట ఆ గుమ్మంలో అన్న మాట ఉన్నచోటే ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు. ఆయన దాన్ని వెనక్కి తీసుకోవాలని నిచ్చెన ఎదురుచూస్తున్నాడని మనవాడికి తెలుసు. తెలిసి ఏం లాభం?

ఇద్దరూ మెట్లు దిగారు. చిత్రిక పట్టిన తలుపు ఇప్పుడు వేలితో తోస్తే కదులుతోంది. ఆయన దాన్ని పట్టుకుని నిలబడి, “ఇదిగో, చిన్నబ్బాయ్!” అని పిలిచాడు. మనవాడు వెనక్కి తిరిగాడు.

“మళ్లీ వచ్చినప్పుడు నా తలుపు నువ్వు తట్టకు. ఆ వాయింపుడేంటి, చెక్క పగిలిపోతుంది. నీకు చేతకాని పని అది.” ఆయన కొడుకు వైపు చూడలేదు, తలుపు అంచు నిమురుతున్నాడు. “మావాణ్నే తట్టమను.”

నిచ్చెన మొహం వీధివైపు తిప్పేసుకున్నాడు. తోకే ఇద్దరి తరఫునా, “అలాగేనండీ,” అన్నాడు.